రెండంకెల గడి

మా ఆఫీసులో ఒక ఫారం ఉంది. దాని మూడో వరుసలో ‘మరణించేనాటికి వయసు’ అని అచ్చువేసి ఉంటుంది, పక్కన ఒక గడి. అందులో రెండంకెలు పడతాయి, మూడోది పట్టదు. ఇరవై రెండేళ్ళుగా నేను ఆ గడితో పోట్లాడుతున్నాను. ఇనుపదైనా ఈపాటికి అరిగేది. అది అరగలేదు, నేనే అరిగాను.

నా పని పళ్ళు చూడటం. బతికున్నవాళ్ళవి కాదు. ఎక్కడైనా ఎవరివో తెలియని ఎముకలు దొరికితే దవడ నా బల్ల మీదికి వస్తుంది, ఆ మనిషి ఎన్నేళ్ళకు పోయాడో నేను చెప్పాలి. చిన్నపిల్లలదైతే నేను రాణిని. ఏ పన్ను ఎప్పుడు వస్తుందో, ఏ వేరు ఎప్పుడు పూర్తవుతుందో దానికో వరస ఉంది. నెలల తేడాలో చెప్పేస్తాను. జ్ఞానదంతం వచ్చేశాక ఆ వరస ఆగిపోతుంది. ఆ తర్వాత పళ్ళు అరగడమే. చిగుళ్ళు వేరు వైపు జారతాయి, వేరు కొన నుంచి కొద్దికొద్దిగా గాజులా తేటపడుతుంది. ఎంత జారాయో, ఎంత తేటపడిందో కొలిచి సూత్రంలో వేస్తే ఒక అంకె వస్తుంది. దానికి అటు పదేళ్ళు, ఇటు పదేళ్ళు. మా దగ్గరున్న సామానుతో అంతకంటే దగ్గరగా చెప్పగలనని ఎవరైనా అంటే వాళ్ళు పళ్ళు చూడటం లేదు, జాతకం చెబుతున్నారు.

ఇది ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదు. గోడకు చెప్పినట్టే.

ఆ దవడ ఎండాకాలం మొదట్లో వచ్చింది. పక్క ఊరి బయట వదిలేసిన రాళ్ళ క్వారీని పూడుస్తుంటే మట్టి తవ్వే యంత్రం కింద ఎముకలు బయటపడ్డాయి. యంత్రం ముందే వాటిని పిండి చేసింది. మిగిలింది సగం పుర్రె, పై దవడ, కింది దవడ, రెండు కాలి ఎముకలు. మా ఎముకల డాక్టరు వాటిని అటూ ఇటూ తిప్పి, “మగమనిషి, పోయి ఏడాది లోపే. వయసంటారా, చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. పళ్ళమ్మా, ఇక మీదే భారం” అని చేతులు కడుక్కున్నాడు. ఆఫీసులో నన్ను అందరూ అలాగే పిలుస్తారు. ముఖం మీద పిలిచే ధైర్యం మాత్రం ఆయనొక్కడికే.

పై కోరపన్ను తీశాను. ఒంటి వేరున్న పన్నయితేనే ఈ కొలతకు పనికొస్తుంది. కడిగి, లోపలినుంచి వెలిగే దీపం పెట్టె మీద ఉంచి కొలిచాను. వేరు పద్నాలుగు మిల్లీమీటర్లు. చిగుళ్ళు జారింది ఐదున్నర పైన. తేటపడింది ఐదుకు కాస్త తక్కువ. సూత్రం నలభై ఏడు అంది. అంటే ముప్పై ఏడు నుంచి యాభై ఏడు లోపు ఎంతైనా కావచ్చు.

ఇంకొకటి కూడా చూశాను. పై ముందు పళ్ళలో ఎడమదాని అంచున చిన్న గాటు. దెబ్బ తగిలి విరిగితే గరుకుగా ఉంటుంది. ఇది వేలు పెడితే నున్నగా జారుతోంది. రోజూ ఏదో ఒకటి అదే చోట రాసుకుని పడిన గాటు. అలవాటో, వృత్తో. ‘గమనికలు’ అన్న చోట ఆ సంగతంతా శ్రద్ధగా రాశాను. గడిలో 37–57 అని ఇరికించాను.

మర్నాడు గుమాస్తా ఫారం పట్టుకొచ్చాడు. ఏడాదిలో రిటైరవ్వబోతున్న మనిషి, మెత్తని గొంతు. తిట్టడానికి కూడా చేతికి అందడు.

“ఇది పట్టదండీ.”

“ఏది?”

“కంప్యూటరు రెండంకెలే తీసుకుంటుంది. మీరు నాలుగంకెలు వేసి మధ్యలో గీత కూడా పెట్టారు.”

“గీత పెడితే దాని సొమ్మేం పోయింది?”

“గీతతోనే అసలు గొడవండీ. అది అంకె కాదు, అక్షరం కాదు. మిషను ఎర్రగా అయిపోతుంది.”

మళ్ళీ అదే రాసిచ్చాను. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి వెనకే ఇన్‌స్పెక్టరు ఫోను. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ ఆయనకు ఏదైనా టిక్కు పెట్టేలా ఉండాలి.

“మేడమ్, ఆ ప్లస్సులూ మైనస్సులూ మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఒక్క అంకె చెప్పండి. కంప్యూటరు దానికి అటు ఐదు, ఇటు ఐదు చూసి తప్పిపోయినవాళ్ళ జాబితా ఇస్తుంది. వాళ్ళింటివాళ్ళని పిలిచి రక్త పరీక్ష చేయిస్తాం. అయిపోతుంది.”

“ఐదేమిటండీ? నా లెక్క పది కదా!”

“పది పెడితే జాబితా చాంతాడంత వస్తుంది. అంతమందిని ఎవరు వెతుకుతారు?”

“ఎవరేమిటి? మీరే!”

పెద్ద జోకు విన్నట్టు నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడోసారి ఫారం వెనక్కి వచ్చిన రోజు పొద్దున్నే మా అత్తగారి కట్టుడుపళ్ళు విరిగాయి. ఆవిడ నోటిలో పళ్ళు లేకపోయినా మాటకు లోటుండదు. “ఇంట్లో పళ్ళ డాక్టరుండి ఏం లాభం? చచ్చినవాళ్ళకే దాని వైద్యమంతా!” అని పక్కింటివాళ్ళకు వినపడేలా అంది. చింత చచ్చినా పులుపు చావదు. సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికొచ్చి పళ్ళు కట్టే ఆయన దగ్గరకు తీసుకెళతానన్నాను. అన్నం కలిపి పెడుతుంటే నా ముఖం చూసి, “ఏమిటే, మళ్ళీ ఆ గడేనా?” అంది.

“అదే అత్తయ్యా.”

“నోటికొచ్చింది ఒకటి రాసి పారెయ్యి. నా వయసు మీ మామయ్య అలాగే రాయించారు. నేను బతకలేదూ?”

నిజమే, బతికింది. పైగా మూడు వయసులతో బతుకుతోంది. బస్సులో డెబ్భై ఐదు, బ్యాంకులో డెబ్భై రెండు, బంధువుల దగ్గర అరవై ఎనిమిది.

ఆఫీసుకు వెళ్ళేసరికి ఫారం బల్ల మీద ఉంది. మూడున్నరదాకా దానివైపు చూడలేదు. ఆపైన చూశాను. తప్పు రాస్తున్నానని నాకు తెలుసు. తెలియక చేసిన పనైతే ఈ కథే ఉండేది కాదు. విసుగుతో, కసితో, ఇంటికి పోవాలన్న తొందరతో ఆ గడిలో 47 అని రాసి, కాగితం చిరిగేలా కింద గీత కొట్టాను. గుమాస్తా వచ్చి చూసి, “ఇప్పుడు పట్టిందండీ” అని నవ్వు ముఖంతో తీసుకుపోయాడు.

కంప్యూటరు నలభై రెండు నుంచి యాభై రెండు లోపు ఇద్దరిని చూపించింది. ఒకాయన ఎప్పుడో ఇంటికి తిరిగొచ్చేశాడట, ఆ సంగతి చెప్పడం ఇంటివాళ్ళు మర్చిపోయారు. రెండో ఆయనకు ముందు పన్ను బంగారంది. ఎవరూ కలవలేదు కాబట్టి ఫైలు మూసేశారు. మూడు నెలలు ఎముకలు సంచీలో ఉంటాయి, ఆ తర్వాత మున్సిపాలిటీవాళ్ళు దిక్కులేనివాళ్ళ కింద పూడ్చేస్తారు. నేను ఆ సంగతే మర్చిపోయాను. మా అత్తగారికి కొత్త పళ్ళు వచ్చాయి, అవి నొక్కుతున్నాయని నన్ను నెలరోజులు సాధించింది. ఆ గొడవలో పడిపోయాను.

పూడ్చడానికి నాలుగు రోజుల ముందు, ఒక గురువారం, ఒకావిడ నా గదికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మెడలో కొలత టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. ఇన్‌స్పెక్టరు పంపాడట. ఎందుకు పంపాడో నాకు తెలుసు. ఆయనకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, నా నోటితో చెప్పిస్తే వదిలిపోతుందని.

“మా తమ్ముడు మేడమ్” అంది కూర్చోకుండానే. “కనపడక పద్నాలుగు నెలలైంది. ఆ క్వారీ ఉన్న ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీ ఉంది, అందులో పని చూసుకుంటానని వెళ్ళాడు. ఆ ఎముకలు దొరికాయని విన్నప్పటినుంచి స్టేషనుకి తిరుగుతున్నాను. వయసు కలవలేదంటారు. నలభై ఏడట. మావాడికి నలభై ఏడెక్కడివి మేడమ్, వాడి అక్కని నాకే నలభై నాలుగైతే?”

“అతనికెన్ని?”

“ముప్పై ఎనిమిది.”

చూడమ్మా, పరీక్షలో తేలింది ఇదీ అని మొదలుపెట్టబోయాను. ఆవిడ నా ముఖం వైపే చూస్తూ పెదవులు తడుపుకుంది. పై ముందు పళ్ళలో ఎడమదాని అంచున చిన్న గాటు కనపడింది.

చెప్పబోయింది వదిలేసి అడిగాను.

“మీరేం పని చేస్తారు?”

“కుట్టుపని. నేనూ తమ్ముడూ కలిసే దుకాణం నడిపేవాళ్ళం.”

“దారం దేంతో తెంపుతారు?”

ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. ఆవిడ సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “పళ్ళతోనే. మా నాన్న తిట్టేవాడు, కత్తెర పక్కనే పెట్టుకుని కుక్కపిల్లల్లా కొరుకుతారేమిటని. ఇద్దరికీ చిన్నప్పటినుంచీ అదే అలవాటు.”

“ఎడమ పన్నుతోనేనా?”

“కుడిచేత్తో సూది లాగుతాం కదండీ. దారం ఇటువైపే వస్తుంది.”

“చిగుళ్ళ జబ్బేమైనా ఉందా మీ ఇంట్లో?”

“ఇంటిల్లిపాదికీ. నాన్నకి నలభై నిండకుండానే సగం పళ్ళు ఊడాయి. తమ్ముడికీ ముప్పై దాటాక చిగుళ్ళు జారిపోయి పళ్ళు పొడుగ్గా కనపడేవి. గుర్రమా అని ఏడిపించేదాన్ని. ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారు?”

చిగుళ్ళు జబ్బుతో జారినా సూత్రానికి వయసే అనిపిస్తుంది. అందుకే నలభై ఏడు వచ్చింది. కానీ నేను మొదట రాసిన ముప్పై ఏడు నుంచి యాభై ఏడులో ఈ ముప్పై ఎనిమిది భేషుగ్గా ఉంది. పన్ను తప్పు చెప్పలేదు. సూత్రం కూడా, తన పదేళ్ళు తనకిస్తే, తప్పు చెప్పలేదు. మధ్యలో నేనున్నాను.

ఆవిడను కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. గాటు సంగతి, చిగుళ్ళ సంగతి, కంప్యూటరు అటు ఐదు ఇటు ఐదే చూసిందని. చివర్లో, “ఆ నలభై ఏడు రాసింది నేనేనమ్మా” అన్నాను.

“ఎందుకు రాశారు?”

“గడిలో రెండంకెలే పడతాయి. అందుకని.”

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. నా బల్ల మీదున్న ఖాళీ ఫారం దగ్గరకు లాక్కుని, మెడలో టేపు తీసి ఆ గడి వెడల్పు కొలిచింది. కొలిచి, ఫారం మళ్ళీ నా ముందుకు జరిపింది.

“ఎన్నిసార్లు తిరిగారు స్టేషనుకి?”

“ఆరుసార్లు.”

ఆరోజు నేను ఫోనులో ఇన్‌స్పెక్టరును తిట్టిన తిట్లు రాయడానికి పనికిరావు. పూడ్చడం ఆపించాను. ఆవిడ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి డీఎన్ఏ పరీక్షకు పంపించాను. గుమాస్తా గదికి వెళ్ళి, “నేను గాటు గురించి అంత రాశాను కదా, అది చదివే దిక్కే లేదా?” అని నిలదీశాను. ఆయన కంప్యూటరు తిప్పి చూపించాడు. గమనికల చోట ఇరవై అక్షరాలే పడతాయట. ‘పై ఎడమ ముందు పన్ను అంచున రోజువారీ’ దగ్గర తెగిపోయి ఉంది. “నేను మొత్తం కొట్టానండీ, అదే మింగేసింది” అన్నాడు. ఆయన మీద అరిచి లాభం లేదు. 47 రాసింది ఆయన చెయ్యి కాదు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. తమ్ముడే.

ఎముకలు అప్పగించే రోజు ఆవిడ మళ్ళీ వచ్చింది. అప్పగించే ముందు ఫారం సరిచేయాలి. ఈసారి ఎవరూ నా జోలికి రాలేదు. “మీరేం రాస్తే అదే మేడమ్” అన్నాడు ఇన్‌స్పెక్టరు, గొంతు తగ్గించి. గుమాస్తా అయితే, గడిలో పట్టకపోతే పక్కన విడి కాగితం జతచేస్తానని తనే అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆవిడ సంచిలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. లేత నీలం రంగు, కుట్టు పని ముచ్చటగా ఉంది. కాలరు గుండీ ఒక్కటి లేదు.

“మేడమ్, ఒకటి అడుగుతాను. ముప్పై ఎనిమిదా, ముప్పై తొమ్మిదా?”

నాకు అర్థం కాలేదు.

“పోయేటప్పటికి వాడికి” అంది. “ఎవరిదో కోటు తప్పుగా కోశాడు. దుకాణంలో అందరి ముందూ, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, కొలత చూసి కొయ్యడం రాదా అన్నాను. ఫ్యాక్టరీలో పని చూసుకుంటానని ఫోను బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, నా పుట్టినరోజుకి చొక్కా కుట్టి ఉంచు, అప్పుడొస్తా అన్నాడు. కోపంగానే అన్నాడు, కానీ అన్నాడు. పుట్టినరోజు ఇంక ఇరవై రోజులే ఉంది. అందుకే నేను వెతకలేదు. చొక్కా కుట్టాను. కాలరు గుండీ మాత్రం వాడొచ్చాక మెడ కొలిచి పెడదామని ఉంచాను, బయటి తిండితో చిక్కిపోయుంటాడని. వాడు రాలేదు.”

“ఫ్యాక్టరీవాళ్ళని అడిగారా?”

“అక్కడ రోజుకూలీకి కుట్టేవాళ్ళ పేర్లు ఎవరు రాసుకుంటారండీ? ఎవరికీ తెలీదు.” చొక్కా మడతలు సరిచేసింది. “ముప్పై ఎనిమిదికే పోయుంటే, రాలేక రాలేదు. ముప్పై తొమ్మిది వచ్చాక పోయుంటే, ఆ రోజు బతికే ఉండి నా మీద కోపంతో రాలేదు. అంతే మేడమ్. నాకు ఒక్క అంకె చెప్పండి.”

ఆ మాట నేను వందలసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నా దగ్గర ఒక కస్సుమనే జవాబు ఉండేది. ఈసారి మాత్రం ముప్పై ఎనిమిది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే కాదనేదెవరు? ఆవిడ ఇంటికెళ్ళి కాస్త నిద్రపోతుంది. కానీ ఒకసారి విసుగొచ్చి ఒక అంకె ఇచ్చి ఈవిడను ఆరుసార్లు తిప్పాను. ఇప్పుడు జాలేసి ఇంకో అంకె ఇస్తే, అదీ నేను పుట్టించిందే కదా.

“తెలీదమ్మా” అన్నాను. “పళ్ళు పదేళ్ళు అటూ ఇటూగా చెబుతాయి. ఇరవై రోజుల తేడా వాటికి తెలీదు. నాకూ తెలీదు.”

ఇరవై రెండేళ్ళు నేను కొట్లాడింది ఈ మాట అననివ్వమనే. ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు. ఇంత దిక్కుమాలిన మాట కోసమా అందరితో శత్రుత్వం తెచ్చుకున్నానని నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆవిడ కాలరు మీద గుండీ లేని చోట వేలు పెట్టింది.

“ముప్పై ఎనిమిది కాదని మాత్రం మీరు చెప్పలేరు కదా?”

“చెప్పలేను.”

“ఇంకెవరైనా చెప్పగలరా?”

“ఎవరి వల్లా కాదు.”

“అయితే వాడు వచ్చేవాడే” అంది.

నేను గడిలో 38–39 అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ సంచిలోంచి సూదీ దారం, ఒక గుండీ తీసింది. ఇక్కడే కాసేపు కూర్చోవచ్చా అని అడిగింది. కూర్చోమన్నాను. మెడలో టేపు ఉంది గానీ ఇక కొలవడానికి ఏముంది? కాలరు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని, అంచనాగా ఒక చోట గుండీ పెట్టి కుట్టింది. ముడి వేసి, తల వంచి, ఎడమ పన్నుతో దారం తెంపింది. నా బల్ల మీద కత్తెర ఉంది. ఆవిడ అడగలేదు, నేను ఇవ్వలేదు.